మోకాలి నుంచి మెదడు దాకా: ఏది మార్పిస్తే ఏం దక్కుతుంది?

2025 సెప్టెంబర్ 3న బీజింగ్‌లో సైనిక కవాతుకు నడుచుకుంటూ వెళ్తున్న పుతిన్, షీ జిన్‌పింగ్‌ల మాటలు మైకులో పడిపోయాయి. అవయవాలను మళ్లీ మళ్లీ మార్చుకుంటూ పోతే మనిషి వయసు మీదపడేకొద్దీ పడుచువాడవుతాడని, చావే లేకుండా కూడా చేసుకోవచ్చని పుతిన్ తరఫు అనువాదకుడు అన్నాడు. ఈ శతాబ్దంలోనే మనిషి 150 ఏళ్లు బతకొచ్చంటున్నారని జిన్‌పింగ్ అన్నారు. అప్పటికి ఇద్దరి వయసూ 72.

నవ్వేసి ఊరుకోదగ్గ మాట కాదది. అందులో సగం మన ఇళ్లల్లోనే జరుగుతోంది. నాయనమ్మ కంట్లో ప్లాస్టిక్ లెన్సు, పెదనాన్న మోకాల్లో లోహపు కీలు, పక్కింటాయన ఛాతీలో పేస్‌మేకర్, దూరపు చుట్టం పొట్టలో వాళ్లమ్మ ఇచ్చిన కిడ్నీ. ఎప్పటికీ బతకొచ్చా అంటే బతకలేం, అంతే. తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఏది మారిస్తే ఏళ్లు కలుస్తాయి? ఏది మారిస్తే ఏళ్లు కలవకపోయినా ఉన్న ఏళ్లు సుఖంగా గడుస్తాయి? ఏది మారుస్తామని చెప్పి జేబు ఖాళీ చేస్తారు? ఈ మూడింటినీ ఒకే గాట కట్టేయడం వల్లే చాలా ఇళ్లల్లో డబ్బు పెట్టాల్సిన చోట పెట్టక, పెట్టకూడని చోట పెడుతున్నారు.

ముందు లెక్క

భాగాలు మార్చుకుంటూ బతికినవాణ్ని చూపించమంటే నేను స్వీడన్‌కు చెందిన ఆర్నె లార్సన్‌ని చూపిస్తాను. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోం దగ్గర ఆయన ఒంట్లో ప్రపంచంలోనే మొదటి పేస్‌మేకర్ పెట్టారు. అది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత మారుస్తూ పోయారు, మొత్తం 26. తయారుచేసిన రూనె ఎల్మ్‌క్విస్ట్ పోయాడు, ఆపరేషన్ చేసిన సెన్నింగ్ పోయాడు, లార్సన్ మాత్రం 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. చివరికి ఆయన పోయింది గుండె జబ్బుతో కాదు, చర్మ క్యాన్సర్‌తో.

విషయమంతా ఇక్కడే ఉంది. ఒక భాగం బాగుపడితే ఆ భాగం వల్ల వచ్చే చావు తప్పుతుంది, అంతే. వరుసలో దాని వెనక ఉన్నది ముందుకొస్తుంది. ముప్పై దాటాక మనిషి చనిపోయే అవకాశం దాదాపు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుందని జీవిత బీమా లెక్కలు వేసే బెంజమిన్ గోంపర్ట్జ్ చూపిన సూత్రం ఇప్పటికీ సుమారుగా నిలబడుతోంది. అమెరికాలో క్యాన్సర్ మరణాలన్నీ పూర్తిగా ఆగిపోతే సగటు ఆయుర్దాయం ఎంత పెరుగుతుందని 1990లో లెక్క కడితే మూడేళ్ల పైచిలుకు తేలింది. పదేళ్లో ఇరవయ్యేళ్లో అనుకుంటాం. క్యాన్సర్‌తో పోకుండా మిగిలిన పెద్దవాళ్లను గుండె, మెదడు, ఊపిరితిత్తులు ఎక్కువ కాలం వదిలిపెట్టవు.

బోరుకు కొత్త మోటారు బిగించినంత మాత్రాన పాత పైపులు కొత్తవి కావు కదా. రక్తనాళాలు ఒంటి నిండా ఉంటాయి, వాటినన్నిటినీ మార్చే ఆసుపత్రి లేదు. రోగనిరోధక శక్తి వయసుతో సన్నగిల్లుతుంది, దానికీ విడిభాగం దొరకదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో చాలామంది ఆ కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే గుండె జబ్బుతోనో, ఇన్‌ఫెక్షన్‌తోనో, క్యాన్సర్‌తోనో పోతారు.

దీనికి మినహాయింపులా కనిపించేది కాలేయం. 2024లో అమెరికాలో 98 ఏళ్ల వయసులో చనిపోయిన ఒకాయన కాలేయాన్ని 72 ఏళ్ల మహిళకు అమర్చారు. కాలేయ కణాలు ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టుకొస్తుంటాయి కాబట్టి అది వీలైంది. బతికున్న దాత కాలేయంలో సగం పైన కోసి ఇచ్చినా మిగిలినది కొన్ని వారాల్లోనే దాదాపు మునుపటంత పెరుగుతుంది. ఒంట్లో మిగతా భాగాలకు ఈ గుణం ఉంటే పుతిన్ గారి మాట గురించి ఇంకోలా రాసేవాణ్ని.

ఏళ్లు కలపవు, కానీ చేయించుకోవాల్సినవే

కంటి లెన్సుతో మొదలుపెడదాం, ఎందుకంటే మనిషి చేసిన విడిభాగాల్లో ఇంత నమ్మకమైనది మరొకటి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్లల్లో గుచ్చుకున్న పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలను కన్ను తిప్పికొట్టడం లేదని గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో అదే పదార్థంతో లెన్సు చేసి పెట్టాడు. ఒకసారి పెడితే జీవితాంతం ఉంటుంది. ఇక్కడ ఎంపికల్లా ఒక్క దూరానికే చూపు కుదిర్చే మోనోఫోకల్‌కీ, దగ్గరా దూరమూ రెండూ చూపించే మల్టీఫోకల్‌కీ మధ్యే. మల్టీఫోకల్ పెట్టించుకుంటే చాలావరకు అద్దాల అవసరం తగ్గుతుంది, కానీ రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చు. రాత్రి బండి నడిపేవాళ్లు, కంటి లోపలి పొర ఇప్పటికే దెబ్బతిన్న షుగరు పేషెంట్లు మోనోఫోకల్ పెట్టించుకుని చదవడానికి అద్దాలు వాడుకోవడమే మేలు. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన చూపు ఎక్కువ రాదు.

మోకాళ్ల విషయంలో మనవాళ్లు రెండు తప్పులూ చేస్తారు. కొందరు నడవలేక మంచాన పడేదాకా ఆపుతారు, అప్పటికి తొడ కండరాలు కరిగిపోయి కొత్త కీలు పెట్టినా నడక రాదు. ఇంకొందరు యాభైలోనే తొందరపడతారు. 2019లో వెలువడిన పెద్ద విశ్లేషణ ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్లలో సుమారు 82 శాతం, తుంటి కీళ్లలో సుమారు 58 శాతం 25 ఏళ్లు నిలిచాయి. అరవై ఐదు దాటి మార్పించుకుంటే అది ఆఖరిదాకా వచ్చే అవకాశం ఎక్కువ. యాభైలో చేయించుకుంటే మళ్లీ విప్పాల్సి రావొచ్చు, రెండోసారి చేసేది మొదటిదాని కంటే పెద్ద ఆపరేషను, ఫలితం తక్కువ. బరువు తగ్గి, తొడ కండరాల వ్యాయామం చేస్తూ ఐదేళ్లు వాయిదా వేయగలిగితే వేయడమే లాభం. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, కింద కూర్చునే మరుగుదొడ్డి వాడటం ఆపరేషన్ తర్వాత చాలామందికి కుదరవు. ఇంట్లో ఆ ఏర్పాట్లు ముందే మార్చుకోవాలి.

మోకాలి ఇంప్లాంట్లకు కేంద్రం 2017 ఆగస్టులో ధరల పరిమితి పెట్టింది. అందుకే బిల్లులో ఇంప్లాంటు పద్దు విడిగా అడగండి. ఊరంతా హోర్డింగులు పెట్టి అమ్ముతున్న రోబో ఆపరేషన్ల గురించి నా మాట: రోబో కీలును కొలత ప్రకారం కూర్చోబెట్టడంలో సాయపడుతుంది, దానివల్ల కీలు మరో పదేళ్లు ఎక్కువ మన్నుతుందని మాత్రం ఇంకా తేలలేదు. ఆ అదనపు డబ్బుతో మూడు నెలలు ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకోవచ్చు.

పేస్‌మేకర్‌కు పెద్దగా ఆలోచించేదేం లేదు. గుండె నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోతున్నారంటే పెట్టించుకోవాలి. బ్యాటరీ ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది, తర్వాత చిన్న ఆపరేషన్‌తో మారుస్తారు. కొనేముందు ఎంఆర్‌ఐ తీయించుకోవడానికి వీలైనదేనా అని అడిగితే చాలు.

గుండె కవాటం: లోహమా, జంతు కణజాలమా?

నిజంగా కూర్చుని ఆలోచించాల్సిన ఎంపిక ఇది. చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలై గుండె కవాటాలను, అంటే వాల్వులను, పాడుచేసే రుమాటిక్ జ్వరం మన దేశంలో ఇంకా ఉంది కాబట్టి ఇది అరవై దాటినవాళ్ల సమస్యే కాదు, పాతికేళ్లవాళ్లది కూడా.

లోహపు వాల్వు ఇరవై, ముప్పై ఏళ్లు, ఇంకా పైన కూడా పనిచేస్తుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ గుండె సర్జన్ వలియత్తాన్ నేతృత్వంలో మన దేశంలోనే తయారుచేసి 1990లో తొలిసారి అమర్చిన చిత్ర వాల్వు ఈ కోవకు చెందినదే. చిక్కల్లా రక్తం దాని మీద గడ్డకడుతుంది. అందుకని బతికినన్నాళ్లూ రక్తం పలచబరిచే వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్ మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి. ఆ అంకె తగ్గితే వాల్వు మూసుకుపోవడమో, గడ్డ మెదడుకు ఎక్కి పక్షవాతమో. పెరిగితే లోపల రక్తస్రావం. రోజుకొకటి రెండుసార్లు వేసుకునే కొత్తరకం మాత్రలు లోహపు వాల్వుకు పనికిరావు, అవి వాడి చూసిన పరిశోధనలను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

పంది వాల్వుతోనో, ఆవు గుండె పైపొరతోనో చేసినదానికి ఈ బెడద లేదు, కొన్ని నెలలు దాటాక రక్తం పలచబరిచే మాత్ర చాలామందికి అక్కర్లేదు. కానీ పది, పదిహేనేళ్లకు అరుగుతుంది. పడుచువాళ్లలో ఇంకా తొందరగా గట్టిపడిపోతుంది. డెబ్భై ఏళ్లాయనకు పదిహేనేళ్లు సరిపోతాయి, పాతికేళ్ల అమ్మాయికి సరిపోవు.

వైద్య మార్గదర్శకాలు సుమారుగా చెప్పేదేమిటంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే చోటున్న బృహద్ధమని వాల్వుకైతే యాభైలోపు లోహం, అరవై ఐదు దాటితే జంతు కణజాలం, మధ్యలో ఉంటే పేషెంటుతో మాట్లాడి. మన దగ్గర దీనికి ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి. మీ ఊరి నుంచి ఐఎన్‌ఆర్ చేసే ల్యాబు ఎంత దూరం? మందు మోతాదు మార్చాలంటే ఫోన్ ఎత్తే డాక్టరు ఉన్నాడా? ఏజెన్సీ గ్రామంలో ఉండి నెలకోసారి కూడా పట్నం రాలేని మనిషికి లోహపు వాల్వు కాగితం మీద ఉన్నంత మంచిది కాదు. ఆకుకూరల భయం మాత్రం అతిగా ఉంది. గోంగూర, పాలకూర, మునగాకు మానేయక్కర్లేదు, వారం వారం దాదాపు ఒకే పాళ్లలో తింటే మాత్ర మోతాదు దానికి కుదురుతుంది. అంతకంటే ప్రమాదం మెడికల్ షాపులో అడక్కుండా కొనుక్కునే నొప్పి మాత్రలు.

పిల్లల్ని కనాలనుకునే అమ్మాయి విషయం వేరు. వార్ఫరిన్ మొదటి మూడు నెలల్లో గర్భంలోని శిశువుకు హాని చేయగలదు, దాన్ని ఆపి సూదిమందుకు మారితే తల్లి వాల్వుకు ప్రమాదం పెరుగుతుంది. అందుకే కొంతమంది సర్జన్లు, పదేళ్లకు మళ్లీ ఆపరేషన్ తప్పదని తెలిసీ, జంతు కణజాలపు వాల్వు పెడతారు. ఈ మాట పెళ్లికి ముందు, ఆపరేషన్‌కు ముందు, ఆ అమ్మాయి ఎదురుగా జరగాలి. వాళ్ల నాన్నకు మాత్రమే చెప్పి సంతకం తీసుకోవడం సరికాదు.

2002లో ఫ్రాన్స్‌లో అలన్ క్రిబియే మొదలుపెట్టిన పద్ధతిలో ఛాతీ కోయకుండా గజ్జల్లోని రక్తనాళం గుండా వాల్వు తీసుకెళ్లి అమర్చొచ్చు. డెబ్భై ఐదు, ఎనభై దాటి, పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు ఇది వరమే. యాభై ఏళ్లవాళ్లు కోత లేదు కదా అని దీన్ని కోరుకోవడం తొందరపాటు, ఇదీ అరిగే రకమే.

కిడ్నీ: డయాలసిస్సా, మార్పిడా?

ఉద్దానంలో ఎవర్నడిగినా ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో ఆ ఊళ్ల కిడ్నీ జబ్బు కోసమే పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు. కిడ్నీ పాడైపోయిందని తెలిసిన రోజు ఇంట్లో అందరికీ తట్టేది డయాలసిస్సే, మార్పిడి ఏదో ఆఖరి మెట్టు అనుకుంటారు. వైద్యపరంగా ఇది తలకిందులు. ఒంట్లో మిగతావన్నీ బాగున్న మనిషికి మార్పిడే మొదటి ఎంపిక, వీలైతే డయాలసిస్ మొదలుకాక ముందే. డయాలసిస్ మీద ఏళ్లు గడిచేకొద్దీ గుండె, రక్తనాళాలు దెబ్బతింటాయి, ఆ తర్వాత పెట్టిన కిడ్నీ ఫలితం కూడా తగ్గుతుంది.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. కిడ్నీ వారానికి 168 గంటలూ పనిచేస్తుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద పడుకుంటే 12 గంటలు. రెండు రోజులకోసారి పేరుకున్న నీరు, పొటాషియం ఒక్కపెట్టున తీసేయడం గుండెకు భారం. అయినా మిషన్ చిన్నచూపు చూడాల్సిందేం కాదు. మార్పిడికి పనికిరానివాళ్లు, దాత దొరకనివాళ్లు దాని మీదే పదేళ్లు, అంతకు పైన బతుకుతున్నారు. ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డయాలసిస్ ఉంది, 2016 నుంచి కేంద్ర పథకం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ ఉంది. డయాలసిస్ దగ్గర పడుతోందని డాక్టరు చెప్పిన వెంటనే చేతికి ఫిస్టులా (మిషన్‌కు రక్తం తీయడానికి ధమనినీ సిరనూ కలిపే చిన్న ఆపరేషను) చేయించుకోండి, అది సిద్ధమవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ చేతికి సూదులు, బీపీ పట్టీ తగలనివ్వకండి. డయాలసిస్ కేంద్రం దూరమైతే పొట్టలో గొట్టం పెట్టి ఇంట్లోనే రోజుకు మూడు నాలుగుసార్లు ద్రవం మార్చుకునే పద్ధతి ఉంది. దాన్ని మన దగ్గర తక్కువగా వాడుతున్నారు. ఇంట్లో శుభ్రత పాటించే మనిషి ఒకరుంటే అది మంచి ఎంపికే, లేకపోతే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

మార్పిడికి రెండు దారులు. బతికున్న దగ్గరి బంధువు ఇచ్చిన కిడ్నీ సగటున 15 నుంచి 20 ఏళ్లు, బ్రెయిన్ డెడ్ అయిన దాత కిడ్నీ 10 నుంచి 12 ఏళ్లు పనిచేస్తుందనుకోవచ్చు. బంధువు అంటే చట్టంలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, 2011 సవరణ తర్వాత తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు, మనవరాళ్లు. గ్రూపు కలవకపోతే ఇంకో కుటుంబంతో మార్చుకునే వీలూ ఆ సవరణతోనే వచ్చింది. కిడ్నీ ఇచ్చేవాళ్లు ఆపరేషన్‌లో చనిపోయే అవకాశం పదివేలలో ముగ్గురికి మించదు, తర్వాత ఒక్క కిడ్నీతో మామూలుగా బతుకుతారు. మన దేశంలో ఇచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, పుచ్చుకునేది ఎక్కువగా మగవాళ్లు. అమ్మో, భార్యో ముందుకొచ్చిందంటే ఆమెతో డాక్టరు ఒంటరిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. కాదనే అవకాశం లేని చోట అవుననడాన్ని ఇష్టం అనలేం.

రెండో దారి జీవన్‌దాన్, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలను వరుస ప్రకారం పంచే ప్రభుత్వ పథకం. హైదరాబాద్‌లో నిమ్స్ కేంద్రంగా 2013 నుంచి నడుస్తోంది, ఆంధ్రప్రదేశ్‌కు ఇప్పుడు విడిగా ఉంది. నమోదు మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే. 2023లో కేంద్రం ఆ రాష్ట్రంవాళ్లే నమోదు కావాలన్న స్థానికత నిబంధననూ, 65 ఏళ్ల వయో పరిమితినీ తీసేసింది. దేశం మొత్తం మీద పది లక్షల జనాభాకు బ్రెయిన్ డెడ్ దాత ఒక్కరు కూడా లేని పరిస్థితిలో తెలంగాణ మెరుగ్గా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అయినా వేచి ఉండటం ఏళ్లలోనే. పేరు ఇవాళ నమోదు చేయించి, ఇంట్లో దాత కోసం పరీక్షలు కూడా ఇవాళే మొదలుపెట్టడం తెలివైన పని.

మూడో దారి చూపిస్తామని ఎవరైనా ఏజెంటు వస్తే, కిడ్నీ అమ్మినా కొన్నా ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా అని గుర్తుపెట్టుకోండి. జైలు సంగతి అటుంచినా, దొంగచాటుగా చేసే ఆపరేషన్‌లో సరిపోలిక పరీక్షలు సరిగా ఉండవు, తర్వాత చూసేవాడు ఉండడు.

కొత్త కిడ్నీ పెట్టాక టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ లాంటి మందులు రోజూ గడియారం చూసి వేసుకోవాలి. ఒళ్లు పరాయి కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే మందులివి, కాబట్టి ఇన్‌ఫెక్షన్లనూ, కొన్ని క్యాన్సర్లనూ ఎదుర్కొనే శక్తి కూడా తగ్గుతుంది. షుగరు రావొచ్చు. ఆపరేషన్ ఖర్చు పథకం కింద వచ్చినా, ఆ తర్వాతి మందులు ఎన్నాళ్లు వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోండి. కిడ్నీ వచ్చి రెండేళ్లయ్యాక డబ్బుల్లేక మందు ఆపి, మళ్లీ మిషన్ దగ్గరికొచ్చినవాళ్లు అరుదు కాదు.

ఒకటి పాడైతే ఇంకోటి, అది పాడైతే మరోటి అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. పరాయి కిడ్నీ ఒంట్లోకి వచ్చినప్పుడు దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. రెండోదానికి సరిపోయే దాత దొరకడం మొదటిసారి కంటే కష్టం, మూడోది ఇంకా కష్టం. అంటే ప్రతి మార్పిడీ తర్వాతి మార్పిడికి దారి ఇరుకు చేస్తుంది. బీజింగ్‌లో మైకుకు చిక్కిన ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.

గుండె, పందులు, ల్యాబులు

1967 డిసెంబర్‌లో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన తొలి గుండె మార్పిడి పేషెంటు 18 రోజులు బతికాడు. మన దేశంలో తొలి విజయం 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో, చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. ఈ రోజుల్లో మార్పిడి గుండెతో సగం మంది పన్నెండేళ్లు దాటి బతుకుతున్నారు. కొద్దిమంది ముప్పై ఏళ్లు కూడా దాటారు. బయటికి తీసి ఐస్‌లో పెట్టిన గుండె మామూలుగా నాలుగు గంటలకు మించి ఆగదు. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక గుండెను మెట్రో రైల్లో తీసుకెళ్లింది అందుకే. దాత దొరికేదాకా ఒంటికి రక్తం పంపే గుండె ఎడమ కింది గదికి సాయం చేసే పంపు పెట్టుకోవచ్చు, అయితే పొట్టలోంచి బయటికి వచ్చే తీగ, మోసుకు తిరిగే బ్యాటరీలు, ఛార్జింగు, ఆ తీగ దగ్గర ఇన్‌ఫెక్షన్ భయం తప్పవు. మన దగ్గర ఖర్చు చాలా కుటుంబాలకు అందనంత. గుండె దొరికే ఆశ ఉంటే గుండే మేలు.

పంది అవయవాల గురించి పేపర్లో వచ్చిన ప్రతిసారీ పేషెంట్ల ఇళ్లల్లో ఆశ పుడుతుంది, పుట్టడంలో తప్పు లేదు. 2022 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో జన్యువులు మార్చిన పంది గుండె పెట్టించుకున్న వ్యక్తి రెండు నెలలు బతికాడు. 2024 మార్చిలో బాస్టన్‌లో 69 జన్యు మార్పులు చేసిన పంది కిడ్నీ పెట్టించుకున్న వ్యక్తి రెండు నెలలకు చనిపోయాడు. 2025 జనవరిలో అదే ఆసుపత్రిలో పెట్టించుకున్న మరొకాయనకు అది 271 రోజులు పనిచేసింది, తర్వాత తీసేశారు. 2025లో అమెరికాలో పంది కిడ్నీల క్లినికల్ ట్రయల్స్‌కు (మనుషుల మీద పద్ధతి ప్రకారం చేసే పరీక్షలకు) అనుమతి వచ్చింది. ఇవి తొలి అడుగులని తెలుసుకుని చూస్తే పెద్ద విజయాలే. కానీ ఇవాళ కిడ్నీ పాడైన మనిషి పంది కోసం ఆగి, అక్క ఇస్తానన్న కిడ్నీని వాయిదా వేయకూడదు. 1997లో అస్సాంలో ధనీరాం బారువా పంది గుండె అమర్చాడు, పేషెంటు వారానికి చనిపోయాడు, డాక్టరు జైలుకెళ్లాడు. సైన్సు సిద్ధం కాకుండా తొందరపడితే అంతే.

ల్యాబులో పెంచిన అవయవాలకు ఒక మొండి అడ్డంకి ఉంది. రక్తకేశనాళికకు, అంటే అతి సన్నని రక్తనాళానికి, మిల్లీమీటరులో ఐదో వంతు కంటే దూరమైన కణం ప్రాణవాయువు అందక చనిపోతుంది. అందుకే పల్చని చర్మం పెంచగలిగారు, మందమైన కిడ్నీ పెంచలేకపోతున్నారు. 2011లో స్టాక్‌హోంలో పావొలో మాకియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ శ్వాసనాళానికి మూలకణాలు (రకరకాల కణాలుగా మారగల కణాలు) పూసి అమర్చి ప్రపంచమంతా పొగిడించుకున్నాడు. స్వీడన్‌లో అలా చేసిన ముగ్గురూ చనిపోయారు, 2023లో అక్కడి అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ల జైలు వేసింది. మన ఊళ్లలో మూలకణాలతో మోకాళ్లు, కిడ్నీలు బాగుచేస్తామనే బోర్డులు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోండి. కొన్ని రక్త జబ్బుల్లో చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మూలకణాలతో వ్యాపారంగా చికిత్స చేయడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు ఒప్పుకోవు.

డబ్బు కట్టకూడనివి

1970లో అమెరికాలో రాబర్ట్ వైట్ ఒక కోతి తలను ఇంకో కోతి మొండేనికి అతికించాడు. అది చూసింది, కరవబోయింది, వెన్నుపాము తెగిపోవడంతో మెడ కింద ఏదీ కదల్లేదు, ఎక్కువ కాలం బతకలేదు. తెగిన వెన్నుపామును మళ్లీ కలపడం ఈ రోజుకీ ఎవరికీ చేతకాలేదు. మెదడును మార్చడమైతే అసలు ప్రశ్నే కాదు. తలలు తారుమారైన ఇద్దరిలో భర్త ఎవరని భేతాళుడు అడిగితే, తల ఎవరిదో వాడేనని విక్రమార్కుడు తేల్చేశాడు కదా. మీ మెదడు తీసి ఇంకోటి పెడితే బతికేది మీరు కాదు, దాత. సుమారు 8,600 కోట్ల నాడీకణాల మధ్య అల్లికే మన జ్ఞాపకాలూ, మనమూ. ఆ కణాల్లో ఎక్కువ భాగం పుట్టుకతో వచ్చినవే, అవి ముసలివవుతూనే ఉంటాయి.

పడుచువాళ్ల రక్తరసం ఎక్కించుకుంటే వయసు తగ్గుతుందనే వ్యాపారం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లోనే హెచ్చరించింది, ఉపయోగం రుజువు కాలేదు, ప్రమాదాలున్నాయి. శవాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచడం 1967లో మొదలైంది, కొన్ని సంస్థలు దీనికి లక్షల డాలర్లు తీసుకుంటాయి, ఇప్పటిదాకా ఒక్కర్నీ లేపలేదు. విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలు తల్లిదండ్రుల కోసం ఇలాంటివి వెతుకుతుంటే ఆ డబ్బు పెట్టాల్సిన చోట్లు పైన చాలా ఉన్నాయి.

ఎనభై దాటిన తల్లిదండ్రులకు

ఈ వయసులో ఇవి చేయించాలా వద్దా? నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే, జవాబు భాగాన్ని బట్టి మారుతుంది. శుక్లం ఉంటే వయసుతో పనిలేదు, చేయించండి. చూపు సరిగా లేక జారిపడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం తగ్గుతుంది. తుంటి విరిగితే ఎనభై ఐదైనా ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో చేయించడమే మేలు, మంచాన పడుకోబెడితే న్యుమోనియా, పుండ్లు త్వరగా తీసుకుపోతాయి. పేస్‌మేకర్ అవసరమైతే పెట్టించండి. మోకాళ్లు మార్పించడం మాత్రం మనిషి మిగతావిధాలా గట్టిగా ఉండి, లేచి వ్యాయామం చేస్తానంటేనే.

కిడ్నీల దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. ఎనభై దాటి, గుండె బలహీనంగా ఉండి, మతిమరుపు మొదలై, ఒకరి సాయం లేకుండా లేవలేని మనిషికి డయాలసిస్ మొదలుపెడితే దక్కే కాలం చాలాసార్లు తక్కువ, ఆ కాలంలో పెద్ద భాగం ఆసుపత్రిలోనే గడుస్తుంది. డయాలసిస్ లేకుండా మందులతో, ఆహార నియమాలతో వాపు, ఆయాసం, దురద, వాంతులు అదుపులో ఉంచుతూ ఇంట్లోనే చూసుకోవడం కూడా వైద్యులు గుర్తించిన చికిత్సా మార్గమే, చేతులెత్తేయడం కాదు. కిడ్నీ డాక్టరును (నెఫ్రాలజిస్టును) నేరుగా అడగండి: "డయాలసిస్ పెడితే ఎన్ని నెలలు, అందులో ఎన్ని రోజులు ఇంట్లో? పెట్టకపోతే ఎన్ని నెలలు, బాధ తగ్గించడానికి ఏం చేస్తారు?" వాళ్లకు మాట్లాడే ఓపిక ఉండగానే ఈ మాట అమ్మ ముందో, నాన్న ముందో పెట్టండి. చాలామంది పెద్దవాళ్లకు ఈ విషయంలో స్పష్టమైన అభిప్రాయం ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు.